ఉసిరికాయ, చిట్టెలుక, డిప్రెషన్ మాత్ర

ఉసిరికాయ సారం ప్రొజాక్ మాత్రతో సమానంగా పనిచేస్తుందని, ఎలుకల మీద ఇది రుజువైపోయిందని చెప్పే సందేశం మీ ఫోనుకి కూడా వచ్చే ఉంటుంది. నాకు ఒకే వారంలో మూడు చోట్ల నుంచి వచ్చింది. మా తెలుగు సంఘం గ్రూపు నుంచి ఒకటి, ఇంజనీరింగు కాలేజీ మిత్రుల నుంచి ఒకటి, విజయవాడలో ఉన్న మా పెద్దమ్మ నుంచి ఒకటి. మూడింటికీ ఒకటే ఉసిరికొమ్మ బొమ్మ. మామూలుగా ఇలాంటివి చదవకుండానే తుడిచేస్తాను. దీన్ని తుడిచెయ్యలేకపోయాను. ఎందుకంటే మా ఊళ్ళో మాకు బాగా తెలిసిన ఒకావిడ ఇది చదివి, డాక్టరు రాసిచ్చిన డిప్రెషన్ మాత్రలు ఉన్నపళంగా మానేసి ఉసిరి చూర్ణం మొదలుపెట్టారు. ఆవిడ సంగతి తరవాత చెబుతాను, ఆవిడ అనుమతితోనే. ముందు ఆ సందేశం వెనక ఏముందో చూద్దాం. అది ఉత్త గాలికబురైతే ఈ వ్యాసంతో పనే ఉండేది కాదు. దాని వెనక నిజంగానే ఒక పరిశోధన ఉంది.

నేను డాక్టర్ని కాను. కంప్యూటర్ సైన్సులో మాస్టర్స్ చేసి, ఇరవై ఏళ్ళ పైబడి ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు వెతికిపెడుతూ బతుకుతున్నవాణ్ణి. అయితే ఒక పరీక్ష దేన్ని కొలుస్తోంది, దేన్ని కొలవడం లేదు అని చూడటం నాకు రోజూ చేసే పనే. అందుకని ఆ పరిశోధన పత్రం సంపాదించి రెండు శనివారాలు కూర్చుని చదివాను. అర్థం కాని చోటల్లా ఫార్మకాలజీ చదివిన మిత్రుణ్ణి విసిగించాను.

ఉసిరి గురించి తెలుగువాళ్ళకి కొత్తగా చెప్పేదేముంది! కార్తీకమాసంలో ఉసిరిచెట్టు కింద వనభోజనాలు, క్షీరాబ్ది ద్వాదశినాడు తులసికోటలో ఉసిరికొమ్మ, ఏడాది పొడుగునా జాడీలో నల్లపచ్చడి. ఆయుర్వేదంలో కరక్కాయ, తానికాయలతో కలిపి త్రిఫలాల్లో ఒకటి. చ్యవనప్రాశకి అసలు దినుసు ఇదే. శాస్త్రజ్ఞులు ఫిల్లాంథస్ ఎంబ్లికా అంటారు, పాత పుస్తకాల్లో ఎంబ్లికా అఫిసినాలిస్ అని ఉంటుంది. ఇక్కడ అమెరికన్ దుకాణాల్లో గూస్‌బెర్రీ అని అమ్మేది వేరే పండు. మనకి కావలసింది ఇండియన్ స్టోరులో ఫ్రీజర్ అడుగున ‘ఆమ్లా’ అన్న పేరుతో గడ్డకట్టి ఉంటుంది. నేల ఉసిరి కూడా వేరే మొక్కే.

ఇక పరిశోధన. 2012లో ‘సి.ఎన్.ఎస్. న్యూరోసైన్స్ అండ్ థెరప్యూటిక్స్’ అనే పత్రికలో వచ్చింది. చేసినది హర్యానాలో హిస్సార్ పట్టణంలోని గురు జంభేశ్వర్ విశ్వవిద్యాలయం వారు. ఈ జంభేశ్వరుడు ఎవరో తెలుసా? బిష్ణోయి సంప్రదాయానికి మూలపురుషుడు. పచ్చని చెట్టు నరకకూడదు, జీవులపట్ల దయ ఉండాలి అని నియమాలు పెట్టినవాడు. 1730లో జోధ్‌పూర్ దగ్గర ఖేజర్లీలో రాజుగారి మనుషులు చెట్లు కొట్టడానికి వస్తే, ఆ చెట్లని కావలించుకుని 363 మంది ప్రాణాలు ఇచ్చారని చెబుతారు, వాళ్ళు ఈ సంప్రదాయం వాళ్ళే. అలాంటి గురువు పేరున్న చోట ఎలుకల మీద ప్రయోగమా అని మీకు అనిపిస్తే, మా అమ్మాయికీ అలాగే అనిపించింది. దాని దగ్గరికి తరవాత వస్తాను.

ప్రయోగంలో వాడినవి చిన్న వయసు మగ చిట్టెలుకలు, స్విస్ ఆల్బినో జాతివి, తెల్లగా ఎర్రకళ్ళతో ఉంటాయే అవి. ఉసిరికాయల నుంచి నీటితో తీసిన సారాన్ని వాటికి 14 రోజులపాటు నోటి ద్వారా ఇచ్చారు. కొన్నిటికి కిలో బరువుకి 200 మిల్లీగ్రాముల లెక్కన, కొన్నిటికి 400 లెక్కన. పోలిక కోసం వేరే గుంపులకి డిప్రెషన్‌కి వాడే మూడు రకాల మందులు ఇచ్చారు. ఫ్లూయొక్సెటిన్, అంటే మనకి ప్రొజాక్ పేరుతో తెలిసినది, ఇమిప్రమిన్, ఫెనెల్జిన్. ఆ తరవాత రెండు పరీక్షలు పెట్టారు.

ఆ పరీక్షలేమిటో తెలియకుండా ‘ఎలుకల మీద రుజువైంది’ అన్న మాటకి అర్థమే లేదు. కాబట్టి కాస్త ఓపిక పట్టండి.

మొదటిది ఈత పరీక్ష. 1977లో ఫ్రాన్సులో పనిచేస్తున్న రోజర్ పోర్సోల్ట్ అనే శాస్త్రజ్ఞుడు తన బృందంతో కలిసి ప్రచురించాడు. పొడుగాటి గాజుపాత్రలో, అడుగు కాళ్ళకి తగలనంత లోతుగా నీళ్ళు పోసి అందులో చిట్టెలుకని వదులుతారు. మొదట గబగబా ఈదుతుంది, గోడలు ఎక్కబోతుంది. కాసేపటికి, ఇక బయటికి దారి లేదని తెలిశాక, ముక్కు మాత్రం నీటిపైన ఉంచుకుని కదలకుండా తేలుతుంది. మొత్తం 6 నిమిషాలు ఉంచి, సాధారణంగా చివరి 4 నిమిషాల్లో ఎంతసేపు కదలకుండా ఉందో గడియారం పెట్టి లెక్కపెడతారు. తరవాత బయటికి తీసి ఆరబెడతారు. రెండో పరీక్ష 1985లో వచ్చింది, అదీ ఫ్రాన్సు నుంచే. తోక చివర టేపు అంటించి ఎలుకని 6 నిమిషాలు తలకిందులుగా వేలాడదీస్తారు. ఇక్కడ కూడా లెక్క అదే: ఎంతసేపు గింజుకుంది, ఎంతసేపు ఊరికే వేలాడింది.

డిప్రెషన్ మందు ఇచ్చిన ఎలుకలు కదలకుండా ఉండే సమయం తగ్గుతుంది. అంటే ఎక్కువసేపు ప్రయత్నం చేస్తాయి. పరీక్షకి ఆధారం ఇదొక్కటే. కొత్త పదార్థం ఏదైనా ఇచ్చినప్పుడు కూడా అలాగే తగ్గితే, దీనిలో ఏదో ఉన్నట్టుంది, ఇంకా పరిశీలించాలి అంటారు. ఉసిరి సారం రెండు మోతాదులూ, రెండు పరీక్షల్లోనూ ఈ సమయాన్ని గణనీయంగా తగ్గించాయి. ఆ తగ్గడం పైన చెప్పిన మందులతో పోల్చదగ్గదిగా ఉంది. ఫోనులో తిరిగే సందేశానికి పుట్టిల్లు ఈ ఒక్క వాక్యం.

ఇక్కడ హిస్సార్ వాళ్ళని మెచ్చుకోవలసిన సంగతి ఒకటుంది. కాఫీలాంటి ఉత్తేజం కలిగించే పదార్థాలు ఇచ్చినా ఎలుక ఊరికే ఉండకుండా కాళ్ళు ఆడిస్తుంది, పరీక్ష ‘పాస్’ అయిపోతుంది! అందుకని ఎలుకలు మామూలుగా ఎంత తిరుగుతున్నాయో కూడా వాళ్ళు విడిగా కొలిచారు. ఉసిరి సారం ఆ తిరుగుడుని పెంచలేదు. కాబట్టి ఇది కాఫీ తాగిన హుషారు కాదు.

రెండోది నాకు ఇంకా నచ్చింది. ఒక ప్రోగ్రాం పనిచేస్తోంది కానీ ఏ భాగం వల్ల పనిచేస్తోందో తెలియనప్పుడు మేము ఏం చేస్తాం? ఒక్కొక్క భాగాన్నీ తాత్కాలికంగా ఆపేసి మళ్ళీ నడిపి చూస్తాం. ఏది ఆపితే పని ఆగిపోతుందో కీలకం అక్కడుందన్నమాట. వీళ్ళూ అదే చేశారు. మెదడులో నోరెపినెఫ్రిన్ సందేశాలు అందుకునే ఒక ద్వారాన్ని మూసే ప్రజోసిన్, డోపమిన్ ద్వారాన్ని మూసే సల్‌పిరైడ్, సెరటోనిన్ తయారీనే ఆపేసే పి.సి.పి.ఏ., గాబా అనే మరో వ్యవస్థని తట్టిలేపే బాక్లొఫెన్, వీటిలో ఒక్కొక్కటి ఇచ్చి, వేలాడదీసే పరీక్ష మళ్ళీ పెట్టారు. నాలుగింటిలో ఏది ఇచ్చినా ఉసిరి ప్రభావం తగ్గింది. అంటే అది పనిచేసే దారి ఒక్కటి కాదు, ఈ నాలుగు వ్యవస్థలతోనూ దానికి సంబంధం ఉన్నట్టుంది. పైగా ఎలుకల మెదడులో మోనోఅమైన్ ఆక్సిడేజ్-ఎ అనే ఎంజైము తగ్గినట్టు కూడా కనిపించింది. సెరటోనిన్, నోరెపినెఫ్రిన్‌లని విరగ్గొట్టి ఊడ్చేసే ఎంజైము అది. ఊడ్చేవాడు నెమ్మదిస్తే ఆ రసాయనాలు ఎక్కువసేపు నిలుస్తాయి.

ఈ ఎంజైము కథ మా న్యూజెర్సీవాళ్ళకి పక్కింటి కథే. గోతల్స్ బ్రిడ్జి దాటితే వచ్చే స్టాటెన్ ఐలాండ్‌లో సీవ్యూ అని ఒక క్షయ ఆసుపత్రి ఉండేది. 1952లో అక్కడి రోగులకి ఇప్రోనయజిడ్ అనే కొత్త క్షయమందు ఇస్తే, మంచాన పడి ఉన్నవాళ్ళు లేచి నవ్వుతూ, వార్డుల్లో డాన్సు చేశారట. ఆ మందు మోనోఅమైన్ ఆక్సిడేజ్‌ని అడ్డుకుంటుందని అప్పుడే తెలిసింది. 1957 నాటికి డిప్రెషన్‌కి వాడటం మొదలైంది. అయితే కాలేయాన్ని దెబ్బ తీస్తోందని 1961లో అమెరికాలో దాన్ని ఆపేశారు. ఆ కోవలోదే ఫెనెల్జిన్. అది వాడేవాళ్ళు నిలవ ఉంచిన చీజ్ తినకూడదు, తింటే రక్తపోటు ప్రమాదకరంగా పెరగవచ్చు. ఈ సంగతి 1960లలో రోగులు ఆసుపత్రుల పాలయ్యాకే తెలిసింది.

ఇంకో కథ మన దేశానిది. సర్పగంధ వేరుని మనవాళ్ళు తరతరాలుగా వాడుతున్నారు. 1931లో కలకత్తాలో గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ దాన్ని రక్తపోటుకీ, ఉన్మాదానికీ వాడిన అనుభవం ప్రచురించారు. 1952లో స్విట్జర్లాండ్‌లో సీబా కంపెనీవాళ్ళు దాన్నుంచి రెసర్పిన్ అనే పదార్థం వేరుచేశారు. రక్తపోటుకి అది ప్రపంచమంతా వాడుతూ ఉండగా కొందరు రోగుల్లో కుంగుబాటు కనిపించిందని డాక్టర్లు రాశారు. అది ఎంతవరకు రెసర్పిన్ వల్లేనన్నది తరవాత వాదన అయింది. కానీ ఎలుకలకి అది ఇస్తే మెదడులో సెరటోనిన్ లాంటివి ఖాళీ అయిపోయి ముడుచుకుని కూర్చుంటాయన్నది నిజం. దాంతో, అలా ముడుచుకున్న ఎలుకని లేపగలిగే మందు కోసం వెతకడం కొన్నాళ్ళు ప్రయోగశాలల్లో రివాజు అయింది. అంటే డిప్రెషన్ మందుల పరిశోధనకి మొదట్లోనే తోడ్పడినవాటిలో ఒక మన వేరు ఉంది. ‘మూలిక కదా, హాని ఏముంటుంది’ అనేవాళ్ళకి సర్పగంధ గురించి చెబుతూ ఉంటాను. మనసుని మార్చగల శక్తి ఉన్నది ఏదైనా రెండు వైపులా మార్చగలదు.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఎలుకకి పనిచేస్తే మనకి పనిచేస్తుందా?

ముందు మోతాదు చూడండి. 20 గ్రాముల చిట్టెలుకకి కిలోకి 200 మిల్లీగ్రాముల లెక్కన పడేది 4 మిల్లీగ్రాములు. 70 కిలోల మనిషికి అదే లెక్క కడితే 14 గ్రాముల సారం అవుతుంది. కానీ అలా కట్టకూడదు. చిన్న జంతువుల ఒంట్లో అన్నీ వేగంగా జరుగుతాయి. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్.డి.ఏ. 2005లో ఇచ్చిన సూచనల ప్రకారం చిట్టెలుక మోతాదుని 3తో హెచ్చించి 37తో భాగించాలి. అప్పుడు కిలోకి దాదాపు 16 మిల్లీగ్రాములు, 70 కిలోలకి ఒక గ్రాము పైచిలుకు. అది కూడా తినేయమని కాదు. మొట్టమొదటిసారి మనుషులకి ఇచ్చి చూసేటప్పుడు దాన్ని మళ్ళీ 10తో భాగించి మొదలుపెట్టడం పద్ధతి. పైగా ఇది సారం లెక్క. కాయ లెక్క కాదు, చూర్ణం లెక్క అసలే కాదు. ఇదే సూత్రంతో ఆ ఎలుకలకి ఇచ్చిన ప్రొజాక్‌ని, కిలోకి 20 మిల్లీగ్రాములు, మన లెక్కలోకి మారిస్తే 113 మిల్లీగ్రాములు వస్తుంది. మనుషులకి మామూలుగా రాసేది రోజుకి 20, ఎంత పెంచినా 80 దాటరు. కాబట్టి ‘ప్రొజాక్‌తో సమానం’ అన్నప్పుడు ఏ మోతాదు ప్రొజాక్‌తో, ఎవరి ఒంట్లో అని అడగాలి.

తరవాత, ఆ ఎలుకలకి డిప్రెషన్ లేదు. ఆరోగ్యంగా ఉన్న ఎలుకల్ని నీళ్ళలో వేశారు. 6 నిమిషాల కష్టం వేరు, నెలల తరబడి పొద్దున్న లేవాలనిపించకపోవడం వేరు. ఎలుక కదలకుండా తేలడం నిస్పృహ కాదు, శక్తి ఆదా చేసుకునే తెలివి అని వాదించే శాస్త్రజ్ఞులు ఉన్నారు. వాళ్ళు చెప్పేది కొట్టిపారెయ్యదగ్గది కాదు. మనుషుల్లో డిప్రెషన్ మందు పనిచెయ్యడానికి వారాలు పడుతుంది, ఈత పరీక్షలో మాత్రం ఒక రోజులోనే ఫలితం కనిపించేస్తుంది. ఇంకోటి, ప్రయోగంలో ఉన్నవన్నీ మగ ఎలుకలు. డిప్రెషన్ వచ్చేది మగవాళ్ళకంటే ఆడవాళ్ళకి సుమారు రెట్టింపు.

మా అమ్మాయి పదో తరగతి చదువుతోంది. నా బల్లమీద ఈ కాగితాలు చూసి, “నాన్నా, నేనిది సైన్స్ ఫెయిర్‌కి చేస్తాను. పెట్ స్టోర్‌లో ఎలుకలు అయిదు డాలర్లే” అంది. ఈ పత్రిక చదివే పిల్లల్లో ఎవరికైనా ఇదే ఆలోచన వస్తుందేమోనని చెబుతున్నాను. ఐసెఫ్ అనే అంతర్జాతీయ సైన్స్ ఫెయిర్‌కీ, దానికి అనుబంధంగా జరిగే ఊరి ఫెయిర్లకీ ఒక నియమాల పుస్తకం ఉంది. వెన్నెముక ఉన్న జంతువుల మీద ఏం చెయ్యాలన్నా మొదలుపెట్టకముందే అనుమతి కావాలి. జంతువుని నిస్సహాయ స్థితిలోకి నెట్టే ప్రయోగాలు పూర్తిగా నిషిద్ధం. ఆ మాట వెనక ఒక చరిత్ర ఉంది. 1967లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో సెలిగ్‌మన్, మేయర్ అనే ఇద్దరు, తప్పించుకునే వీలులేని కరెంటు షాకులు తిన్న కుక్కలు తరవాత తప్పించుకునే వీలున్నా ప్రయత్నించకుండా పడి ఉండటం గమనించి రాశారు. మనిషి కుంగుబాటుని అర్థం చేసుకోవడానికి అది ఎంతో పనికొచ్చింది. ఆ కుక్కల గురించి చదివిన రాత్రి మా అమ్మాయి సరిగ్గా అన్నం తినలేదు.

“మరి హిస్సార్ ఎలుకలు ఏమయ్యాయి?” అని అడిగింది. మెదడులో ఎంజైము కొలవాలంటే మెదడు బయటికి తియ్యాలి. ఆ మాట చెప్పక తప్పలేదు. భారతదేశంలో ఇలాంటి ప్రయోగాలు చెయ్యాలంటే 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద ఏర్పడిన కేంద్ర కమిటీ నియమాలు పాటించాలి, సంస్థలోని నైతిక కమిటీ ఒప్పుకోవాలి. మన హైదరాబాదులో తార్నాక జాతీయ పోషకాహార సంస్థవాళ్ళు ఏళ్ళ తరబడి ఇలాంటి ఎలుకల్ని పద్ధతిగా పెంచి దేశంలోని ఎన్నో ప్రయోగశాలలకి పంపారు. ఇంగ్లండులో రసెల్, బర్చ్ అనే ఇద్దరు 1959లోనే మూడు సూత్రాలు చెప్పారు: జంతువులు లేకుండా చెయ్యగలిగితే అలా చెయ్యి, తప్పకపోతే తక్కువ వాటితో చెయ్యి, వాటికి బాధ తగ్గేలా చెయ్యి. ఈత పరీక్షని ఇక వాడబోమని 2019 ప్రాంతంలో రోష్, జాన్సన్ అండ్ జాన్సన్ లాంటి పెద్ద కంపెనీలే ప్రకటించాయి. ఆస్ట్రేలియాలో న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రం 2024లో చట్టం చేసి నిషేధించింది.

నా మటుకు నాకు, జంతువుల మీద ఏ ప్రయోగమూ వద్దనే ధైర్యం లేదు. మా ఇంట్లో వాడే ప్రతి మాత్రా ఏదో ఒక ఎలుక దాటివచ్చినదే. కానీ ఒక్కటి అనిపిస్తుంది. ఒక కాయ సారం ఎలుకల్లో పనిచేసిందని తేలాక, అదే రకం పరీక్ష ఇంకో కాయతో, ఇంకో ఆకుతో, ఇంకో వేరుతో చేసుకుంటూ పోయి, మనుషుల దాకా ఏదీ తీసుకెళ్ళకపోతే ఆ ఎలుకలు దేనికి చచ్చిపోయినట్టు? ఈ మాట మా అమ్మాయి అడిగింది. ఫార్మకాలజీ మిత్రుడి దగ్గర కూడా జవాబు లేదు.

చివరికి తను వేరే ప్రాజెక్టు చేసింది. మూడు కంపెనీల ఉసిరి పొడులు, ఫ్రీజరు ఉసిరికాయలు తెచ్చి, ఒక్కొక్కటి ఒకే తూకం తీసుకుని నీళ్ళలో కలిపి, గంజి సూచికగా పెట్టుకుని, నీలిరంగు నిలిచేదాకా అయొడిన్ చుక్కలు వేస్తూ లెక్కపెట్టింది. సి విటమిన్ కొలిచే పాత పద్ధతి ఇది. (ఉసిరిలో టానిన్లు కూడా అయొడిన్‌ని తాగేస్తాయి కాబట్టి లెక్క కాస్త ఎక్కువ చూపిస్తుంది. ఆ సంగతి పోస్టరు మీద పెద్ద అక్షరాలతో రాసింది.) మూడు పొడులకీ చుక్కల లెక్క వేరువేరుగా వచ్చింది. ఒకే కాయ పేరు, మూడు డబ్బాలు, మూడు లెక్కలు!

ఇది మామూలు సంగతి కాదు. ప్రయోగశాలలో వాడిన సారం ఏమిటో వాళ్ళకి తెలుసు. మనం కొనే డబ్బాలో ఏముందో మనకి తెలియదు. 2004లో బోస్టన్ చుట్టుపక్కల దుకాణాల్లో కొన్న 70 ఆయుర్వేద ఉత్పత్తుల్ని పరీక్షిస్తే 14 వాటిలో సీసం, పాదరసం, ఆర్సెనిక్ లాంటివి కనిపించాయి. 2008లో ఇంటర్నెట్లో అమ్మే 193 ఉత్పత్తుల్ని చూస్తే దాదాపు ఐదో వంతులో అవే. అమెరికాలో తయారైనవి కూడా ఆ జాబితాలో ఉన్నాయి. రెండూ అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో వచ్చినవే. అవన్నీ ఉసిరి మందులని కాదు నేను అంటున్నది. సూట్‌కేసులో వచ్చే పేరూ ఊరూ లేని పొట్లాల గురించి అంటున్నాను.

ఇక ఆవిడ సంగతి. మాత్రలు మానేసిన మూడో రోజుకి తల తిరగడం మొదలైంది. పక్కకి చూస్తే తలలో కరెంటు కొట్టినట్టు ఉండేదట. నిద్ర లేదు. ఆవిడ వాడేది ప్రొజాక్ కాదు. ప్రొజాక్ ఒంట్లో వారాలపాటు నిలుస్తుంది, ఆవిడది తొందరగా వెళ్ళిపోయే రకం. అలాంటివి ఒక్కసారిగా ఆపితే ఇలాగే అవుతుందని, అందుకే డాక్టర్లు కొంచెం కొంచెంగా తగ్గిస్తారని ఆవిడకి ఎవరూ చెప్పలేదు. ‘ఉసిరి ఒంట్లోని విషం బయటికి తోస్తోంది, ఓర్చుకోవాలి’ అనుకున్నారు. నాలుగో వారానికి ఆ కరెంటు షాకులు తగ్గాయి, కానీ పాత చీకటి తిరిగి వచ్చింది. వంటింట్లో పొయ్యి ముందు నిలబడి ఏం చెయ్యడానికి వచ్చారో మరిచిపోయేవారు. పిల్లవాణ్ణి స్కూలు నుంచి తీసుకురావడం రెండుసార్లు మరిచిపోయాక భర్తకి అనుమానం వచ్చింది. మాత్రలు వాడుతున్న సంగతే ఆయనకి అంతవరకు తెలియదు! రెండేళ్ళుగా విటమిన్ సీసాలో పోసుకుని వేసుకుంటున్నారు. ‘పిచ్చిమందులు’ అంటారేమో అని భయం. అత్తగారు ఆరునెలలు ఉండటానికి వచ్చారు, ఆవిడ చూస్తారేమో అని ఇంకో భయం. ఆ చూర్ణం మీద అంత ఆశ పెట్టుకోవడానికి కారణం దాని గుణం కన్నా, దాన్ని అందరి ఎదుటా టేబులు మీద పెట్టుకుని తాగవచ్చు అన్నదే.

ఈ చివరి మాట ఆవిడ చెప్పినప్పుడు మా ఆవిడా, నేనూ చాలాసేపు ఏమీ మాట్లాడలేకపోయాం.

డాక్టరు కోప్పడలేదు. మళ్ళీ మాత్రలు మొదలుపెట్టి, ఇంకేమేమి వాడుతున్నారో అన్నీ రాసుకుంది. ఉసిరి పచ్చడి తినవచ్చా అంటే నవ్వి తినమంది. గాఢమైన సారాల గుళికలు మాత్రం తనకి చెప్పకుండా వద్దంది. దానికి కారణం ఉంది. సెయింట్ జాన్స్ వర్ట్ అనే యూరప్ మూలిక తేలికపాటి డిప్రెషన్‌కి మనుషుల్లో నిజంగానే పనిచేస్తుంది. కానీ అది గర్భనిరోధక మాత్రల్నీ, రక్తం పలచబరిచే వార్ఫరిన్‌నీ, అవయవ మార్పిడి చేయించుకున్నవాళ్ళు వాడే సైక్లోస్పోరిన్‌నీ బలహీనపరుస్తుంది. 2000లో ఎఫ్.డి.ఏ. దీని మీద హెచ్చరిక జారీ చేసింది. ఉసిరి సారం మోనోఅమైన్ ఆక్సిడేజ్‌ని తగ్గించడం మనుషుల్లో కూడా నిజమే అయితే, డిప్రెషన్ మాత్రలతో పాటు దాన్ని వేసుకోవడం ఎంత మంచిదో ముందే అడిగి తెలుసుకోవాలి. నిజం కాకపోతే మాత్రకి బదులు అది పనికిరాదు. ఎటు చూసినా డాక్టరుకి చెప్పకుండా చేసే పని కాదు.

ఎలుక నుంచి మనిషి దాకా వెళ్ళడం ఎలా ఉంటుందో తెలియాలంటే పసుపు కథ చూడాలి. పసుపులోని కర్‌క్యుమిన్ కూడా మొదట ఈ ఈత పరీక్షలే పాసైంది. తరవాత గుజరాత్‌లో భావ్‌నగర్ ప్రభుత్వ వైద్య కళాశాలవాళ్ళు డిప్రెషన్ ఉన్న 60 మందిని మూడు గుంపులుగా చేసి, ఆరు వారాలు ఒక గుంపుకి ప్రొజాక్ మందు 20 మిల్లీగ్రాములు, ఒక గుంపుకి కర్‌క్యుమిన్ 1000 మిల్లీగ్రాములు, మూడో గుంపుకి రెండూ ఇచ్చారు. ఆ ఫలితాలు 2014లో అచ్చయ్యాయి. మెరుగుపడినవాళ్ళు వరసగా నూటికి 65, 63, 78 మంది. వినడానికి బాగుంది కదా? కానీ ఈ తేడాలు కాకతాళీయంగా కూడా వచ్చి ఉండవచ్చునని లెక్కలే చెబుతున్నాయి. పైగా ఉత్తి మాత్ర ఇచ్చిన గుంపు లేదు. డిప్రెషన్‌లో ఉత్తి మాత్ర ఇచ్చినా నూటికి ముప్పై, నలభై మంది కోలుకుంటున్నట్టు కనిపిస్తారు. అయినా ఆ భావ్‌నగర్ డాక్టర్లు చేసింది సరైన పని. ఎలుక దగ్గర ఆగకుండా మనిషిని అడిగారు. ఉసిరికి కూడా అలాంటి పరీక్ష, ఇంకా పెద్దది, ఉత్తి మాత్ర గుంపుతో సహా జరిగితే చదవాలని నాకు కోరిక.

ఈలోగా, మాత్రలు మానాలనిపిస్తే మానే ముందే డాక్టరుకి ఫోను చెయ్యండి. వెళ్ళేటప్పుడు మాత్రల సీసా, చూర్ణం డబ్బా రెండూ సంచిలో వేసుకుని వెళ్ళండి. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలకి ఇంగ్లీషు ఇబ్బంది అయితే తెలుగు దుబాసీ కావాలని అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే అడగండి, ఆసుపత్రులు డబ్బు తీసుకోకుండా ఏర్పాటు చేస్తాయి. బతకాలని లేదన్న మాట ఇంట్లో ఎవరినోటైనా వస్తే అమెరికాలో ఏ ఫోను నుంచయినా 988కి చెయ్యవచ్చు, రాత్రీపగలూ పలుకుతారు. ఇండియాలో ఉన్నవాళ్ళకి 2022 నుంచి టెలీ మానస్ ఉంది, నంబరు 14416. అక్కడ తెలుగులోనే మాట్లాడవచ్చు. మా పెద్దమ్మకి కూడా ఈ రెండు నంబర్లే, ఉసిరికొమ్మ బొమ్మతో సహా, తిరిగి పంపాను. ఆవిడ వాటిని తన గ్రూపులన్నిటికీ పంపింది.